మా బాపు గోలు కాచిన అమావాస్య

మొన్న ఆదివారం నా మనవరాలు చేతులకు ఇంత లావు గ్లౌజులు తొడుక్కుని వచ్చి నా ముందు నిలబడింది. బళ్లో ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపరట. ఆ గ్లౌజులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. కొత్త రబ్బరు వాసన. దాని అడుగున ఎక్కడో, పాత తోలుబంతి మూతి విప్పితే లోపలి బ్లాడరు నుంచి వచ్చే వాసన తగిలింది. అంతే, ఇక నేను ఆ ఇంట్లో లేను.

"తాతా, మీ కాలంలో గ్లౌజులుండేవా?" అని అడిగింది.

"గ్లౌజులా! మా గోల్‌కీపరుకు చొక్కానే లేదు" అన్నాను.

నమ్మలేదు. మా ఇంట్లో నా మాటల్లో సగానికి సగం కొట్టేసి వింటారు. గొప్పలు చెప్పుకుంటానని నాకు పేరు. ఆ పేరు రావడంలో నా తప్పు కొంత ఉంది, కాదనను. కానీ ఇప్పుడు చెప్పబోయే దాంట్లో ఒక్క పోగు కూడా నేను కలపలేదు. కలపాల్సిన అవసరం లేదు.

మాది మానేరు ఒడ్డున నేతగాళ్ల ఊరు. మా వాడలో తెల్లవారిందని కోడి చెప్పేది కాదు, గంజి వాసన చెప్పేది. చీకటితోనే ఆడవాళ్లు గంజి కాచేవాళ్లు. ఎండ ముదరకముందే వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా నిలువు పోగుల పడుగు చాపి, ఇటు ఇద్దరు అటు ఇద్దరు నిలబడి కుంచెలతో గంజి పట్టించేవాళ్లు. ఆ పడుగు కింద నుంచి వంగి దూరి మేం బడికి పోవాలి. వంగకుండా పోగులు తగిలించినవాడికి వీపు మీద తడి కుంచె పడేది. ఆ తర్వాత బళ్లో కూర్చున్నంతసేపూ వాడి చొక్కా ఎండిపోయి పెళపెళలాడేది. ఎవడు తన్నులు తిని వచ్చాడో సారుకు చెప్పక్కర్లేదు, వాడు కదిలితే చాలు తెలిసిపోయేది.

పొద్దెక్కాక ఇంటింటా మగ్గం చప్పుడు. మధ్యాహ్నం జొన్నగట్క, పచ్చిపులుసు. నెలకు ఒక్కరోజు, అమావాస్య నాడు, వాడంతా నిశ్శబ్దం. ఆ రోజు నేతగాడు మగ్గం ఎక్కడు, అదే మాకు సెలవు. మగ్గం ముందర దీపం పెట్టి, పొయ్యి మీద సర్వప్ప కాల్చేవాళ్లు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఎల్లిపాయ కారం కలిపి గిన్నె అడుగుకు ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి ఆ బొక్కల్లో నూనె పోసి కాల్చే రొట్టె అది. అడుగున మాడిన పొర కోసం నేనూ మా బాపమ్మా కొట్లాడుకునేవాళ్లం. ఆమెకు పళ్లు లేవు, అయినా వదిలేది కాదు.

ఊరికి అవతలి కొసన రేకుల షెడ్లు లేచింది ఆ రోజుల్లోనే. కరెంటుతో నడిచే మగ్గాలు, వాటిని సాంచెలు అనేవాళ్లం. కార్ఖానాకు సెలవు ఆదివారం. మాకేమో అమావాస్య. ఒకే కులం, ఒకే ఊరు, ఒక్కోసారి ఒకే ఇంటి అన్నదమ్ములు, అయినా తీరిగ్గా కలిసి కూర్చునే రోజు లేకుండా పోయింది.

మా బాపు, అంటే మా నాన్న, చేతినాడె మనిషి. ఇది ఇప్పటివాళ్లకు కొంచెం విడమరచి చెప్పాలి. గుంట మగ్గం మీద నేసేవాడు కాళ్లు గుంటలో పెట్టి నేల మీద కూర్చుంటాడు. అడ్డం పోగు నూలును కండెకు చుట్టి, ఆ కండెను నాడెలో పెడతారు. నాడెను కుడిచేత్తో పడుగు సందులోంచి ఎడమకు విసరాలి, ఎడమచేత్తో పట్టాలి, పట్టీ పట్టగానే మళ్లీ కుడికి విసరాలి. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా అదే పని. పట్టడానికీ విసరడానికీ మధ్య రెప్పపాటు కూడా ఉండదు. నేను పుట్టకముందే మా వాడలో అందరూ తాడు గుంజితే నాడె దానంతటదే ఉరికే మగ్గాలకు మారిపోయారు. మా బాపు ఒక్కడే మారలేదు.

"తాడు గుంజితే నాడె పోతది, గది నాకు తెలుసు. గని ఎట్ల పోయిందో నా చేతికి తెల్వద్దా?" అనేవాడు.

చిన్న మనిషి. గుంటలోంచి లేచి నిలబడ్డా ఇంకా కూర్చున్నట్టే ఉండేవాడు. మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. బజారులో ఎవరైనా పలకరిస్తే ముందు తన చేతులు చూసుకుని తర్వాత వాళ్ల ముఖం చూసేవాడు.

ఆ ఏడు మా చీరలు అడిగేవాళ్లు బాగా తగ్గిపోయారు. బాపు గుంట పూడ్చేసి కార్ఖానాలో చేరదామని తీర్మానించుకున్నాడు. ఒక పొద్దున నన్ను వెంటబెట్టుకుని అక్కడికి పోయాడు. సాంచెలు బాగుచేస్తూ, ఎవరిని ఏ పనికి పెట్టాలో చూసే మనిషిని జాబరు అంటారు. ఆ కార్ఖానా జాబరు మా బాపు కంటే పదేళ్లు చిన్న, బొంబాయి దగ్గర భీవండి కార్ఖానాల్లో పనిచేసి వచ్చినవాడు. నేను కాకా అని పిలిచేవాణ్ణి. చెడ్డవాడు కాడు, కానీ కడుపులో ఉన్నది నోట్లో ఆగదు.

"అన్నా, తాడు మగ్గం నేసెటోడైతే వారంల సాంచె నేర్పుత. చేతినాడె కాడనే ఆగిపోయినోనికి నేనేం నేర్పాలె? కండెలు చుట్టుడైతే ఉన్నది. చేస్తవా?"

కండెలు చుట్టడమంటే మా ఇళ్లలో ఆడవాళ్లు, పిల్లలు, చూపు మందగించిన ముసలివాళ్లు చేసే పని. బాపు తన చేతుల వంక చూసుకున్నాడు.

"ఆలోచన చేసి చెప్త తమ్మీ" అన్నాడు.

నాకప్పుడు పదహారేళ్లు. ఆ వయసులో ఆకలినైనా ఓర్చుకోవచ్చు, నలుగురి నవ్వును ఓర్చుకోలేం. మా బాపు కార్ఖానాలో ఆడవాళ్ల పక్కన కూర్చుని కండెలు చుట్టబోతున్నాడన్న సంగతి బళ్లో ఎవరికీ తెలియకూడదని కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాను. మూడో రోజుకే అందరికీ తెలిసింది. అంజన్నకు ఆ వారం నాకంటే పెద్ద పనులున్నాయి కాబోలు.

మా ఊరికి ఫుట్‌బాల్ తెచ్చింది కూడా ఆ జాబరు కాకే. భీవండి నుంచి ఇనుప పెట్టెలో బట్టల మధ్య దాచుకుని తోలుబంతి తెచ్చాడు. సాయంత్రాలు మా వాడ పిల్లలందరికీ ఆట నేర్పాడు. తర్వాత కార్ఖానా మనుషులతో ఒక జట్టు కట్టుకుని, పోతూ పోతూ బ్లాడరు పోయిన ఒక పాత బంతి మాకు పడేశాడు. మేం దాని కడుపులో చిక్కునూలు కుక్కి మూతి కుట్టుకుని ఆడేవాళ్లం. తన్నితే బంతి పోయేది తక్కువ, కాలి వేళ్లు వాచేది ఎక్కువ. తోలు మెత్తబడాలని ఒకసారి అవ్వ, అంటే మా అమ్మ, తలకు పెట్టుకునే ఆముదం బుడ్డి ఎత్తుకుపోయి మొత్తం దానికి పూశాం. మూడో రోజు అవ్వ ముందు నా తల వాసన చూసింది, తర్వాత బంతి వాసన చూసింది. బంతికి ఏమీ కాలేదు.

ఊళ్లో పార్కు అని ఒకటుండేది. పార్కంటే పూలూ పచ్చికా అనుకోవద్దు. చుట్టూ ముళ్లకంచె, నాలుగు వేపచెట్లు, రెండు సిమెంటు బెంచీలు, నీళ్లు ఎన్నడూ రాని ఒక ఫౌంటెను, మిగతాదంతా ఎర్రమట్టి. ఆ నెల అమావాస్య ఆదివారం నాడు పడింది. రెండు సెలవులూ ఒక్కనాడు! ఇంకేముంది, కార్ఖానా జట్టుకూ మా వాడ జట్టుకూ పార్కులో దోస్తీ మ్యాచి పెట్టుకున్నాం. జట్టుకు ఏడుగురు. తోలుబంతి వాళ్లది, చిరుతిండి మాది. మా బడి డ్రిల్లు సారు ఈల ఊదుతానన్నాడు.

"అమావాస్య పూట మగ్గమే ఎక్కరు, గీ ఎగురుడేందిరా?" అంది బాపమ్మ.

"ఎగురుడు గాదు బాపమ్మా, తన్నుడు."

"తన్నుడైతే ఇంకింత మంచిగుంటదిరా!" అని మూతి తిప్పుకుంది.

మా గోల్‌కీపరు మా అవ్వ తమ్ముడు, మా చిన్నమామ. మనిషి పొడగరి, చేతులు చాపితే సగం గోలు నిండేది. శనివారం పొద్దున గంజికుండ దించుతూ రెండు చేతులూ కాల్చుకున్నాడు. ఆ సాయంత్రం మా అరుగు మీద జట్టంతా తలలు పట్టుకుని కూర్చుంది. అవ్వ మామ చేతులకు మందు రాస్తూ తల ఎత్తకుండానే అంది.

"మీ బావను నిలబెట్టుండ్రి."

అందరూ నవ్వారు. అందరికంటే పెద్దగా నేను నవ్వాను.

"ఎందుకు నవ్వుతున్నరు? నేను గీ ఇంట్ల అడుగుపెట్టినకాంచి ఆయన చేతిలకెల్లి నాడె కిందపడంగ ఒక్కనాడు చూడలే" అంది అవ్వ.

"అవ్వా, గది బంతి. నాడె గాదు."

"మీదికొచ్చేది ఏదైతేంది కొడుకా? పట్టుడే గదా."

లోపల మగ్గం దగ్గర దీపానికి వత్తి చేస్తున్న బాపు ఇదంతా విన్నాడు. బయటికి వచ్చి చిన్నమామను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"మీరందరు కాళ్లతోని ఆడుతరు. నన్నొక్కన్ని చేతులు వాడనిస్తరా?"

"గోలు కాడ నిలబడ్డోనికి చేతులు వాడొచ్చు బావా."

"అయితె వస్త" అన్నాడు.

ఆ రాత్రి నేను అన్నం సరిగ్గా తినలేదు. అవతలి జట్టుకు ముందుండి బంతి తన్నేది జాబరు కాక. ఇప్పటికే కండెలకు తప్ప పనికిరాడని తేల్చినవాడి ముందు, ఊరంతా చూస్తుండగా, మా బాపు బోర్లాపడితే? ఆ తర్వాత కార్ఖానాలో కండెలు చుట్టే పని కూడా నవ్వుతూ ఇస్తారు.

ఆదివారం ఎండ చల్లబడేసరికి పార్కు కంచె చుట్టూ రెండు వాడల జనం. మామూలుగా ఒకరికొకరు కలవనివాళ్లు ఆ రోజు ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నారు. అవ్వ గిన్నెడు ఉడికించిన బొబ్బెర గుడాలు ఉల్లిగడ్డ తరిగి కలిపి తెచ్చింది. పుట్నాల వాసన, బీడీల వాసన, తొక్కిన వేపపండ్ల వాసన. మా గోలుకు ఒక వైపు వేపచెట్టు, ఒక వైపు పాతిన వెదురు బొంగు. ఆ రెంటి మధ్య మా బాపు, మోకాళ్ల పైకి ఎగగట్టిన ధోవతితో, ఒంటి మీద చొక్కా లేకుండా, మగ్గం ముందు కూర్చున్నట్టే కొంచెం ముందుకు వంగి నిలబడ్డాడు.

ఈల పడింది. మొదటి పావుగంటలోనే జాబరు కాక మా ముగ్గురిని దాటి వచ్చి బలంగా తన్నాడు. బంతి బాపు కుడివైపు నడుమెత్తున దూసుకొచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను. జనం "అబ్బో" అన్నారు. కళ్లు తెరిస్తే బంతి బాపు కుడి అరచేతికి అతుక్కుని ఉంది. ఉంది అనడం కూడా తప్పే. చెయ్యి దాన్ని ఆపింది, ఆ ఊపులోనే ఎడమకు పంపింది, చదునుగా, నేల మీద జానెడు ఎత్తున, పడుగు సందులోంచి నాడె పోయినంత తిన్నగా. అక్కడ కార్ఖానా కుర్రాడొకడు నిలబడి ఉన్నాడు. వాడికే నమ్మకం కుదరలేదు. కాలు పెట్టాడు, గోలు.

పార్కంతా పగలబడి నవ్వు. చూసేవాళ్లంతా నేతగాళ్లు, ఏం జరిగిందో ఎవరికీ చెప్పక్కర్లేదు.

"నాడె అవతలి దిక్కు పోయిందిరో!" అని ఒకడు అరిచాడు.

డ్రిల్లు సారు ఈల తీసి, "అరె భాయ్, పట్టిన బంతిని దుష్మన్‌కు ఇస్తరా ఎవరన్న?" అన్నాడు.

"పట్టినప్పుడు పట్టుకునే ఉండు బాపూ!" అని నేను అరిచాను. బాపు తలూపాడు. పది నిమిషాల తర్వాత మళ్లీ అదే. బంతి వచ్చింది, బాపు మళ్లీ కుడిచేత్తో ఆపాడు, ఇంకెవరి వల్లా కానంత చక్కగా ఆపాడు, ఆపిన చెయ్యి ఆగకుండా ఎడమకు విసిరేసింది. ఈసారి జాబరు కాకే అక్కడ కాచుకుని ఉన్నాడు. రెండో గోలు. ఆయన నవ్వుతూ మా బాపు భుజం తట్టి పోయాడు. ఆ తట్టడం నాకు చెంపదెబ్బలా తగిలింది.

సగం ఆటకు ఈల పడింది. గుడాల గిన్నె చుట్టూ రెండు జట్లూ మూగాయి. నేను నేరుగా బాపు దగ్గరికి పోయాను. నా కళ్లలో నీళ్లు, నోట్లో నిప్పు.

"జాబరు కాక చెప్పిందే నిజం. నువ్వు కండెలు చుట్టుడుకే పనికొస్తవ్" అన్నాను.

అన్నాను. అనలేదని ఇప్పుడు రాసుకోవచ్చు, అడిగేవాళ్లు లేరు. కానీ అన్నాను. నా జీవితంలో ఇంతకంటే చెడ్డ మాట ఇంకెవరినీ అనలేదు.

బాపు కోప్పడలేదు. చెట్టు మొదట్లో చతికిలబడి కుడి అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు. బంతి తగిలి ఎర్రగా కందిపోయి ఉంది.

"ఆపుకోవాలనే చూసిన బిడ్డా. నా తోని కాదు. నీ వయసుల మొదలువెట్టిన గీ పని. కుడిచేతిల పడంగనే ఎడమకు పోతది. గీ చెయ్యి ఇప్పుడు నా మాట వినదు" అన్నాడు. ఎర్రమట్టిలో వేలితో ఒక గీత గీశాడు. "ఒక్కటి చెప్పు. బంతి గటు పోతదని నాకెరుకే, నీకెరుకే. మరి గాడ వాళ్ల మనిషి ఎందుకున్నడు? నువ్వెందుకు లేవు?"

నేను ఆ గీత పక్కన కూర్చున్నాను.

"నాడె ఇసిరే చెయ్యి ఒక్కటే ఉంటే బట్ట కాదురా. అవతల పట్టే చెయ్యి కాసుకోని ఉండాలె. నువ్వు నా ఎడమ దిక్కు జర ముంగట నిలబడు. కుడి దిక్కు నీ దోస్తును నిలబెట్టు, ఎడమచేతిల పడితే గటు పోతది. నన్ను చూసుకుంట నిలబడకుండ్రి. బంతి నా కాడికొచ్చిందంటే ఉరుకుండ్రి. అందుతది."

"అందకపోతే?"

"అందుతది" అన్నాడు, ఇక ఆ సంగతి అయిపోయినట్టు. లేచి గుడాలు ఒక పిడికెడు నోట్లో వేసుకున్నాడు.

రెండో సగం మొదలైంది. వాళ్లు తన్నారు. బంతి బాపు వైపు పోవడం చూశాను, అంతే, వెనక్కి తిరిగి చూడకుండా వాళ్ల గోలు వైపు పరుగెత్తాను. చూడకుండా పరుగెత్తడం ఎంత కష్టమో చెప్పలేను. వీపంతా కళ్లయినట్టుంటుంది. పదడుగులు పోయానో లేదో, నా ఎడమకాలి ముందర బంతి దొర్లుతూ ఉంది. వాళ్లవాళ్లంతా మా గోలు దగ్గరే ఉండిపోయారు. నా ముందు ఒక్క గోల్‌కీపరు తప్ప ఎవరూ లేరు. తన్నాను.

మా వాడ జనం లేచి గంతులేశారు. బాపమ్మ, ఆట గురించి ఏమీ తెలియని మనిషి, "మనదేనా గది? మనదేనా?" అని పక్కవాళ్లను గుంజి గుంజి అడిగింది.

రెండోది బాపు కుడివైపు నిలబెట్టిన మా దోస్తు కొట్టాడు. బంతి బాపు ఎడమచేతికి వచ్చింది, కుడికి పోయింది, వాడు అక్కడ ఉన్నాడు. ఇక ఆ తర్వాత జనం మ్యాచి చూడటం మానేసి మా బాపు చేతులనే చూశారు. బంతి ఇటు పడితే అటు, అటు పడితే ఇటు. మా వాడ ముసలివాళ్లు మగ్గం మీద పోగును దగ్గరికి కొట్టే పలక పడే లెక్కన చేతులతో తొడలు చరుస్తూ కూర్చున్నారు. కార్ఖానా వాళ్లు కూడా చరిచారు. వాళ్లు మాత్రం ఎవరు, నిన్నమొన్నటి దాకా గుంటలో కాళ్లు పెట్టుకున్నవాళ్లే కదా.

జాబరు కాక తెలివైనవాడు. ఉపాయం పట్టేశాడు. నా వెంట ఒకణ్ణి, మా దోస్తు వెంట ఒకణ్ణి కాపలా పెట్టాడు. ఆట ఇంకో నిమిషం ఉందనగా తనే బంతి తీసుకుని ఒంటరిగా ముందుకొచ్చాడు. కుడికీ కొట్టలేదు, ఎడమకీ కొట్టలేదు. ఉన్న బలమంతా పెట్టి తిన్నగా మా బాపు గుండె మీదికి కొట్టాడు.

ధబ్ అని చప్పుడు. బాపు రెండు అడుగులు వెనక్కి పోయాడు, గోలు గీత మీద ఆగాడు. బంతి ఆయన రెండు చేతుల మధ్య రొమ్ముకు అదుముకుని ఉంది.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. మా బాపు ఆ రోజు దాకా తన మీదికి వచ్చినదేదీ రెండు చేతులతో ఒకేసారి పట్టలేదు. కుడిచేతిలో పడితే ఎడమకు పంపడం తెలుసు, ఎడమచేతిలో పడితే కుడికి పంపడం తెలుసు. రెండు చేతుల్లోనూ పడితే ఎటు పంపాలో ఆయన చేతులకు తెలియదు. బంతిని చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఇసురు బాపూ, ఇసురు!" అని నేను అరుస్తున్నాను.

"ఏ దిక్కు?" అని అడిగాడు. వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగాడు.

పార్కు పార్కంతా నవ్వింది. జాబరు కాక మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నవ్వాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మొదటి నవ్వు వేరు, ఈ నవ్వు వేరు, పదహారేళ్ల నాకు కూడా ఆ తేడా తెలిసింది. ఆ నవ్వులోనే డ్రిల్లు సారు గడియారం చూసుకుని ఆట అయిపోయిందని ఈల ఊదాడు. రెండుకు రెండు. ఎవరూ గెలవలేదు. కానీ మా వాడ జనం బాపును భుజాల మీదికి ఎత్తబోతే, "వద్దురా, కాళ్లు నేల మీదుంటెనే నాకు మంచిగుంటది" అని దిగిపోయాడు.

జాబరు కాక వచ్చాడు. బాపు రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని వెల్లకిలా తిప్పి చూశాడు. నేను పక్కనే ఉన్నాను.

"అన్నా, రేపు పొద్దుగాల రా. కండెలు వద్దు. సాంచె మీద నిలబడు, నేనే దగ్గరుండి నేర్పుత."

ఆ మాట కోసం మా ఇల్లంతా ఎదురుచూస్తోంది. నేనైతే బాపు బదులు నేనే సరే అనేసేవాణ్ణి.

"రేపు రాను తమ్మీ" అన్నాడు బాపు. "మగ్గం మీద చీర సగంల ఉన్నది. గది దించాలె. నాలుగొద్దులు వడతది."

జాబరు కాక ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూశాడు.

"మంచిది. నాలుగొద్దులు సాంచె ఖాళీగనే పెడత" అన్నాడు.

ఇంటికి వస్తుంటే అవ్వా బాపమ్మా ముందు నడుస్తున్నారు. నేను బాపు పక్కన చేరాను.

"బాపూ, గా మాట తప్పన్న."

"ఏ మాట, కండెల మాటనా?" అన్నాడు. "గోలు మీద గోలు పడుతుంటె నీకు కోపమొచ్చింది, అన్నవ్. గది పోనీ. గని కండెలు చుట్టుడు తక్కువ పని అనుకోకు కొడుకా. మీ అవ్వ గిన్నేండ్లు చుట్టింది గనుకనే నేను నేసిన. ఆమె చెయ్యి ఒక్కనాడు ఆగితే నా నాడె వట్టిదే."

ముందు నడుస్తున్న అవ్వకు వినపడిందో లేదో తెలియదు. ఆమె నడక మాత్రం కాస్త నెమ్మదించింది.

ఆ నాలుగు రోజులూ బడి నుంచి రాగానే అవ్వ పక్కన కూర్చుని కండెలు చుట్టాను. నేను చుట్టినవి వదులుగా ఉండేవి, బాపు ఏమీ అనకుండా వాటిని మళ్లీ అవ్వకు ఇచ్చేవాడు. నాలుగో రోజు సాయంత్రం చీర దిగింది. ముదురు ఆకుపచ్చ, ఎర్ర అంచు. వాడలో చేతినాడెతో నేసిన ఆఖరు చీర అదే అయింది. బాపు దాన్ని మడతపెట్టి దీపం దగ్గర పెట్టాడు, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

తర్వాత ఆయన సాంచెల మీద చాలాకాలం పనిచేశాడు. మొదట ఒకటి, తర్వాత రెండు, తర్వాత నాలుగు. ఎందరో కుర్రాళ్లకు పని నేర్పాడు. మళ్లీ గోలు దగ్గర నిలబడమని ప్రతి ఏడూ అడిగేవాళ్లు. "నాకు రెండు చేతుల పట్టుడు రాదు బిడ్డా" అని తప్పించుకునేవాడు. ఆ గుంట పూడ్చిన చోట తర్వాత గోనె సంచులు పేర్చారు. పార్కు ఉన్నచోట ఏముందో నాకు తెలుసు, చెప్పబుద్ధి కాదు. వేపచెట్లు లేవు. తొడలు చరిచిన ముసలివాళ్లు ఒక్కరూ లేరు. ఆ వాడలో ఇప్పుడు గంజి వాసన రాదు.

కానీ నాకు ఎప్పుడు తల్చుకున్నా ఒళ్లు పులకరించేది మ్యాచి కాదు. ఐదో రోజు పొద్దున. బాపు ఉతికిన ధోవతి కట్టుకుని కార్ఖానాకు బయలుదేరాడు. నేను బడికి పోతున్నట్టు వెంట నడిచాను. గేటు ముందర జాబరు కాక, ఇంకో నలుగురు గొంతుకూర్చుని చాయ తాగుతూ బీడీలు కాలుస్తున్నారు. బాపును చూడగానే జాబరు కాక చేతిలో ఉన్న బీడీ కింద పడేసి కాలితో రుద్దాడు, లేచి నిలబడ్డాడు. పెద్దవాళ్లు ఎదురైతే మా వైపు చేసే మర్యాద అది. అంతవరకు మా బాపు కోసం ఎవరూ బీడీ పడేయడం నేను చూడలేదు. మిగతా నలుగురు కూడా లేచారు.

"రా అన్నా" అన్నాడు జాబరు కాక.

బాపు తల వంచి లోపలికి పోయాడు. సాంచెల చప్పుడులో కలిసిపోయాడు. నేను బడికి పోలేదు. ఆ గేటు దగ్గరే నిలబడి, వచ్చేవాళ్లకూ పోయేవాళ్లకూ, ఒక్కరూ అడగకపోయినా, "ఇప్పుడు లోపలికి పోయింది మా బాపే" అని చెప్పుకుంటూ పొద్దు నడినెత్తికి వచ్చేదాకా అక్కడే ఉన్నాను.